గంగులు బండి ఎక్కినవాళ్ళు

"అందరూ ఎక్కారా...?"

వీధి చివర్నుంచి కేక వినబడింది చూశారూ, అదే! మా బెల్లం వీధిలో బంతి భోజనాలకి ఆకులు వేశాక ఎవరో ఒకరు అలా కేకేస్తారు. చూస్తే బండీ ఉండదు, ఎక్కడమూ ఉండదు. కొత్తవాళ్ళు బిత్తరపోతారు. పప్పు వచ్చేలోగా ఆ ముచ్చట చెప్పేస్తాను, వినండి.

వానలు చెప్పిన వేళకి కురిసే రోజుల్లో, మీ అమ్మమ్మలింకా ఉయ్యాల దిగని రోజుల్లో, ఈ వీధిలో గంగులు అని ఒక బండివాడు ఉండేవాడు. వాడిది మూడు చక్రాల తొక్కుడు బండి. ముందు పెద్ద చెక్క తొట్టె, వెనక తొక్కేవాడి సీటు. పొద్దంతా బెల్లం దిమ్మలు మోసేవాడు. పొద్దు వాలాక తొట్టె తుడిచి, ముగ్గురు కూతుళ్ళనీ ఎక్కించుకుని కాలవ గట్టు దాకా తిప్పి తెచ్చేవాడు. పెద్దది మాణిక్యం, నడిపిది వరాలు, చిన్నది బుల్లెమ్మ. చెక్కకి అంటిన బెల్లం వేలితో గీకి నాక్కుంటూ కూచునేవారు. వాళ్ళతో పాటు చీమలకీ షికారే!

"అందరూ ఎక్కారా?" అనేవాడు గంగులు.

"ఎక్కాం!" అనేవారు పిల్లలు. అప్పుడు తొక్కేవాడు.

ఒకసారి తీర్థానికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు "అందరూ ఎక్కారా?" అన్నాడు. పెద్దపిల్లలిద్దరూ జీళ్ళ పొట్లం కోసం పీక్కుంటూ, "ఎక్కాం, ఎక్కాం!" అనేశారు. చీకట్లో చూసుకోకుండా వీడు తొక్కేశాడు. కాలవ వంతెన దగ్గర వంగి చూస్తే తొట్టెలో రెండే తలకాయలు. బండి తిప్పి, చెప్పులు ఊడిపోయినా ఆగకుండా తొక్కాడు. బుల్లెమ్మ రంగులరాట్నం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. ఒక్కటే మాటంది:

"నన్ను అడగలేదేం నాన్నా?"

ఆ రోజు నుంచి గంగులుకి ఒక కట్టుబాటు. ఎవరి నోటితో వాళ్ళే చెప్పాలి. ఒకరి బదులు ఒకరు చెప్పకూడదు. మూడు గొంతులూ వినబడితేనే బండి కదులుతుంది.

పిల్లలు పెరిగారు. పెళ్ళిళ్ళయ్యాయి. మాణిక్యం కొండవారకి, వరాలు సముద్రం వారకి, బుల్లెమ్మ ఏటి అవతలికి వెళ్ళిపోయారు.

ఇక చూడండి వాడి పాట్లు! మాణిక్యం వస్తే వరాలుకి నాట్లు. వరాలు వస్తే బుల్లెమ్మకి పురుడు. బుల్లెమ్మ వస్తే మాణిక్యం అత్తగారికి జ్వరం. వచ్చిన పిల్లని తొట్టెలో కూచోబెట్టి, "అందరూ ఎక్కారా?" అనేవాడు. "ఎక్కాను నాన్నా," అని ఒక్క గొంతే వచ్చేది. కాసేపు చెవొగ్గి, సీటు దిగేసేవాడు.

"ఇంకా ఇద్దరు రావాలమ్మా."

చక్రాలు అరిగితే మార్చాడు. గొలుసు తెగితే మార్చాడు. చెక్కలు పుచ్చితే మార్చాడు. ముగ్గురూ కూచున్న అడ్డపలకని మాత్రం మార్చలేదు.

పాత ఇనుము కొనేవాడు అడిగాడు, "బండి ఇచ్చేస్తావా?" అని. "ఖాళీ లేదు బాబూ, ముగ్గురి చోటు," అన్నాడు. బెల్లం షావుకారు అడిగాడు. "ఖాళీ లేదయ్యా, ముగ్గురి చోటు," అన్నాడు. బావమరిది సూరయ్య పడీపడీ నవ్వాడు.

"బావా, ఆ తొట్టెలో కోడి గుడ్లు పెడుతోంది, చూసుకున్నావా? అమ్మేసి సుఖపడు!"

"ఖాళీ లేదురా సూరయ్యా. ముగ్గురి చోటు."

అలా ఎదురుచూసి ఎదురుచూసి, ఒక తెల్లవారుజామున గంగులు కన్నుమూశాడు.

మాణిక్యం వచ్చింది. వరాలు వచ్చింది. ఏరు పొంగి పడవ ఆగిపోవడంతో బుల్లెమ్మ రాలేదు. పొద్దు వాలిపోతోందని గంగులుని వాడి బండి మీదే పడుకోబెట్టారు. నలుగురు తోశారు. బండి కదల్లేదు. ఎనిమిదిమంది తోశారు. కదల్లేదు. తుప్పు పట్టిందని కొందరంటారు, నేను వాళ్ళతో వాదించను.

అప్పుడు గంగులు పెళ్ళాం అప్పాయమ్మ లేచింది. వీధిలో ఆవిడ గొంతు విన్నవాళ్ళు లేరు. అచ్చం మొగుడి రాగంలోనే కేకేసింది.

"అందరూ ఎక్కారా...?"

"ఎక్కాను," అంది మాణిక్యం. "ఎక్కాను," అంది వరాలు. చీకటి పడుతోందని సూరయ్య తొందరపడి, సన్నగొంతు పెట్టి, "ఎక్కాను," అన్నాడు. బండి కదల్లేదు.

"ఎవరిని మోసం చేస్తావురా? మీ బావనా?" అంది అప్పాయమ్మ. సూరయ్య తల దించుకున్నాడు. వీధి వీధంతా కూచుని ఎదురుచూసింది.

దీపాలు పెట్టే వేళకి ఏరు కాస్త తీసి పడవ కదలడంతో, రేవు వైపునుంచి తడిసిన చీరతో బుల్లెమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నన్ను అడగకుండా వెళ్ళిపోలేదు కదమ్మా?"

"లేదే తల్లీ. నీకోసమే ఆగాడు."

బుల్లెమ్మ అడ్డపలక పట్టుకుని తొట్టెలోకి ఎక్కింది. "ఎక్కాను నాన్నా," అంది. అక్కలిద్దరూ చెరోపక్కా జరిగి చోటిచ్చి, తండ్రి కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు. బండి కదిలింది. నున్నగా, బెల్లం పాకంలా, కాలవ గట్టు దాకా సాగిపోయింది.

పెద్దకార్యం నాడు ఆకులు వేశారు, వడ్డించారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. అప్పుడు సూరయ్య లేచాడు. ఈసారి తన గొంతుతోనే, "అందరూ ఎక్కారా?" అన్నాడు. మాణిక్యం చెప్పింది. వరాలు చెప్పింది. బుల్లెమ్మ చెప్పింది. బంతిలో ప్రతివాళ్ళూ ఎవరి నోటితో వాళ్ళు చెప్పారు. అప్పుడు అన్నం కలిపారు.

ఇప్పటికీ మా వీధిలో అంతే. రావలసినవాళ్ళు ఒక్కరు తగ్గినా ముద్ద ఎత్తం. పక్కవాడి బదులు చెప్పం.

అదిగో, పప్పు వచ్చింది. ఆ చివరాకు దగ్గరికి ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. రానివ్వండి, కూచోనివ్వండి.

ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఎక్కారా?