రెక్కలమ్మ – తీతువు పిట్ట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక జీడిమామిడి అడవి. ఆ అడవిని ఆనుకుని ఒక విమానాల మైదానం. అడవిలో పిట్టలు ఉండేవి, మైదానంలో విమానాలు ఉండేవి. ఎవరి గోల వాళ్ళది.

ఆ విమానాల్లో అన్నిటికంటే ముసలిది ఒకటుంది. రెండు రెక్కలకీ రెండు పెద్ద పంకాలు. ఎప్పుడో యుద్ధంలో సైనికుల్ని మోసిందట. అది పైకి లేచిందంటే మూడు ఊళ్ళకి వినబడేది. ఒకసారి ఉప్పెన వచ్చి ఊళ్ళన్నీ నీళ్ళలో మునిగితే, తొమ్మిది రోజులపాటు ఆ విమానమే అటుకుల బస్తాలు, బియ్యం బస్తాలు పైనుంచి జారవిడిచింది. మనుషులు తిన్నారు. చిరిగిన బస్తాల్లోంచి రాలినవి పిట్టలు తిన్నాయి. అప్పటినుంచి మనుషులూ పిట్టలూ కూడా దాన్ని రెక్కలమ్మ అని పిలుచుకునేవారు.

ఒకరోజు దానికి మరమ్మతులు చేసే సన్యాసిరావు కళ్ళు తుడుచుకుంటూ అందరికీ చెప్పాడు. "ఇంక మూడంటే మూడుసార్లే ఎగుర్తాది మన రెక్కలమ్మ. సుక్రోరం, సెనోరం, ఆదోరం. ఆ తర్వాత అందరూ సూడ్డానికి దిమ్మ మీద నిలబెట్టేస్తారు."

ఆ మాట అడవిలోకి పాకింది. పిట్టలకి మతిపోయింది.

"ఇంత ఇష్టమైతే ఆపడం ఎందుకు?" అంది కొంగ.

"ఇంత ముసలిదైతే ఎగరేయడం ఎందుకు?" అంది చిలుక.

శుక్రవారం పొద్దున చూస్తే, ఊళ్ళ నుంచి ఎడ్లబళ్ళు, ఆటోలు, సైకిళ్ళు. జనమే జనం. అందరూ ఏడుస్తున్నారు, అందరూ చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళకి సంతోషమో దుఃఖమో పిట్టలకి అంతుచిక్కలేదు. నన్నడిగితే నేనేం చెప్పను పిల్లలూ? మీ పిన్ని అత్తారింటికి వెళ్ళిననాడు మీ అమ్మమ్మ కూడా అలాగే చేసింది.

పిట్టల్లో గోరింక పెత్తనం ఎక్కువ. "ఎందుకో ఏమిటో మనకెందుకు? ఉప్పెనలో మన కడుపు నింపిన తల్లి. దగ్గరుండి సాగనంపడం మన ధర్మం," అంది. అన్నీ సరేనన్నాయి.

ఆ గుంపులో ఒక తీతువు పిట్ట కూడా ఉంది. రెక్కలమ్మ పరుగెత్తే నల్లదారి పక్కన, గులకరాళ్ళలో నాలుగు గుడ్లు పెట్టుకుని ఉండేది. తీతువు కూస్తే అపశకునం అంటారు కదా? అందుకని అది నలుగురిలో నోరు విప్పేది కాదు. రెక్కలమ్మంటే దానికి పంచప్రాణాలు. ఆ మాట కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

శుక్రవారం పిట్టలన్నీ నల్లదారికి దూరంగా గడ్డిలో బారులు తీరాయి. సన్యాసిరావు టపాకాయలు కాల్చాడు. నిజానికి అవి పిట్టల్ని తోలడానికి. పిట్టలకేం తెలుసు? పెళ్ళిళ్ళలో టపాకాయలు చూసినవే కదా. "మనకే స్వాగతం!" అని మురిసిపోయాయి. రెక్కలమ్మ లేచింది, చుట్టూ తిరిగింది, దిగింది.

"ఇంత దూరాన నిలబడితే మనల్ని చూస్తుందా?" అని గోరింకకి వెలితి.

శనివారం రెక్కలమ్మ లేవగానే పిట్టలన్నీ దానితోపాటు లేచాయి. తీతువు కూడా లేవబోయింది గానీ గుడ్లు గుర్తొచ్చి ఆగిపోయింది. పైన ఠప్పుమని చప్పుడైంది. రెక్కలమ్మ ఒక పక్కకి ఒరిగింది. దగ్గింది. వెంటనే వెనక్కి తిరిగి వచ్చి దిగిపోయింది.

పిట్టలు లెక్క చూసుకుంటే ఒక పావురం లేదు.

"చూశారా! మనల్ని వదిలి వెళ్ళలేక వెనక్కి వచ్చేసింది!" అంది గోరింక.

"మరి పావురం?" అంది కొంగ.

"అదృష్టం దానిది! రెక్కలమ్మ తనలో కలుపుకుంది."

అది విని పిట్టలన్నీ ఆ అదృష్టం తమకెప్పుడు పడుతుందా అనుకున్నాయి. రేపు చివరిరోజు. రేపు నల్లదారి చివరన ఉన్న జీడిచెట్లలో అందరూ దాక్కోవాలి. రెక్కలమ్మ అక్కడికి రాగానే ఒక్కసారిగా లేచి, దాని ముఖం చుట్టూ మూగాలి. అదీ గోరింక పన్నిన ఏర్పాటు.

తీతువు మాత్రం అప్పుడు రెక్కలమ్మ కిందే ఉంది. మైదానంలో పుట్టి పెరిగింది కనుక మనుషుల మాట దానికి కొంచెం తెలుసు. సన్యాసిరావు పంకా సందులోంచి బూడిదరంగు ఈకలు తీస్తున్నాడు. వాటికి నెత్తురు అంటుకుని ఉంది.

"పాపం, పావురం," అన్నాడు విమానం నడిపే ఆయన.

"ఒక్కటి కాబట్టి బతికిపోనారు సారూ. బాగుసేసినాను, రేపు ఎగుర్తాది. మరి గుంపే తగిల్తే అమ్మా ఉండదు, మీరూ ఉండరు. సముద్రమే గతి," అన్నాడు సన్యాసిరావు.

తీతువు గబగబా పిట్టల దగ్గరికి వెళ్ళి, వాటి ఏర్పాటు విని, ఉన్నమాట చెప్పింది. "పావురం చచ్చిపోయింది. రెక్కలమ్మ ప్రేమతో రాలేదు, దెబ్బ తగిలి వచ్చింది. రేపు అడ్డం వెళ్ళకండి. మీరూ చస్తారు, అదీ కూలిపోతుంది."

పిట్టలన్నీ గొల్లుమన్నాయి. "శుభమా అని సాగనంపుతుంటే చావు కబురేమిటే!"

"ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి," అంది గోరింక. "రేపు నువ్వు నోరు విప్పావో, చెబుతున్నా, నీ గుడ్ల మీదికి ముంగిస వచ్చినా మేమెవరం కేకెయ్యం."

తీతువు తన రాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంది. దానికి ఏమీ పాలుపోలేదు. ఇంతమందీ తప్పా? నేనొక్కదాన్నే ఒప్పా? దగ్గరికి వెళ్ళడం ప్రేమ కాదా? దూరం జరగడం ప్రేమా? కూస్తే నా పిల్లలకి కాపలా పోతుంది. కూయకపోతే? ఎంత ఆలోచించినా చిక్కుముడే.

ఆదివారం వచ్చింది. జనం రెట్టింపయ్యారు. బ్యాండు మోగింది. సన్యాసిరావు ఆకాశం చూశాడు, ఒక్క పిట్టా లేదు. ఎలా ఉంటాయి? జీడిచెట్లలో ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. "దారి కాళీగా ఉంది సారూ, పోనీండి," అన్నాడు. రెక్కలమ్మ పరుగు మొదలుపెట్టింది.

తీతువు గుడ్లకేసి చూసింది. రెక్కలమ్మకేసి చూసింది. దాని తల ఇంకా ఏమీ తేల్చలేదు. రెక్కలు మాత్రం లేచాయి. సూటిగా జీడిచెట్ల మీదికి ఎగిరి, గొంతు చించుకుని కూసింది.

"తీ... తీత్తీ! తీ... తీత్తీ!"

నిన్న నెత్తురు కథ చెబితే నమ్మని పిట్టలు, ఆ కూత వినగానే ఠారెత్తిపోయాయి. "అపశకునం! అపశకునం!" అంటూ ఒకదాన్నొకటి తోసుకుంటూ అడవి లోపలికి పారిపోయాయి. జనంలో ఒకావిడ, "దీని నోరు పడ, ఇప్పుడే కూయాలా!" అని మెటికలు విరిచింది.

రెక్కలమ్మ గాలిలోకి లేచింది. తీతువు దబ్బున నేలకి కరుచుకుంది. ఆ పెద్ద పొట్ట దాని వీపు మీదుగా, ఆకుల్ని ఊపుకుంటూ వెళ్ళిపోయింది. సముద్రం మీద మూడు చుట్లు తిరిగి, మెల్లగా దిగింది. పంకాలు ఆగిపోయాయి. ఇక ఎప్పటికీ తిరగవు. జనం ఏడ్చారు, చప్పట్లు కొట్టారు.

గోరింక రెక్కలు విదిలించుకుంటూ, గుడ్ల దగ్గరికి తిరిగొచ్చిన తీతువు మీదికి వచ్చింది. "చివరి వీడ్కోలు నాశనం చేశావు! ఏమైందో చూడు. రెక్కలమ్మకి ఏమన్నా అయిందా? లేదు. మాకేమన్నా అయిందా? లేదు. నీ మాటలన్నీ అబద్ధాలని తేలిపోయింది కదా!"

జరిగినదైతే చూపించవచ్చు. జరగనిదాన్ని ఎవరికి ఎలా చూపించాలి అనుకుంది తీతువు.

"అవును. ఎవరికీ ఏమీ కాలేదు," అంది. "అందుకే కూశాను."

అందులో ఒప్పు ఉందో, తప్పు ఉందో పిట్టలకి తెలియలేదు. "నీ గుడ్ల కాపలా నువ్వే చూసుకో తల్లీ," అని గోరింక అడవిలోకి వెళ్ళిపోయింది. దాని వెనక చిలుక. దాని వెనక మిగతావన్నీ.

కొంగ మాత్రం కదల్లేదు. ఒంటికాలి మీద అక్కడే నిలబడింది.

"నాకేమీ అర్థం కాలేదు తీతువా," అంది. "నిన్న మనలో ఒకరు తక్కువయ్యారు. ఇవాళ అందరం తిరిగొచ్చాం. నాకు తెలిసింది అంతే."

అని, తీతువు పక్కనే రెండో కాలు కూడా దించి గుడ్లకి కాపలా నిలబడింది.

నీతి: నిజమైన ప్రేమ దారికి అడ్డం పడదు, దారి ఇస్తుంది. అపాయం తప్పించినవాళ్ళకి మెప్పు రాదు, ఎందుకంటే తప్పిపోయిన అపాయం ఎవరికీ కనబడదు.