పాలయ్య కాచిన రెండు గూళ్ళు

అనగనగా ఒక ఊరు. మన ఊరిలాంటిది కాదు కన్నా, దక్షిణ ధ్రువం దగ్గర సముద్రం అడుగున ఉంది. పైనున్న మంచే దాని కప్పు. ఆ ఊరి చేపల రక్తం ఎర్రగా ఉండదు, నీళ్ళలా ఉంటుంది. అంత చలిలో వాటికి అదే సరిపోతుంది, నువ్వేం భయపడకు.

అక్కడ గుడ్లు పెట్టడం తల్లి వంతు, కాపలా తండ్రి వంతు. గులకరాళ్ళ మధ్య పళ్ళెంలా గుండ్రటి గూడు. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పాలయ్య అనే చేప నెలల తరబడి గుడ్లకి మురికి పట్టకుండా రెక్కలతో విసురుతూ కూర్చున్నాడు. ఒకరోజు ఆకలి ఆగలేదు. చిన్న రొయ్యల గుంపు పోతుంటే చటుక్కున వెళ్ళి రెండు గుటకలు మింగి వచ్చాడు. వచ్చి పక్క గూట్లో కూర్చున్నాడు!

అప్పుడు ముళ్ళవ్వ అటుగా వచ్చింది. ఆవిడ చేప కాదు, ముళ్ళబంతిలా ఉండే సముద్రపు జీవి, నెత్తిన గవ్వపెంకు టోపీ.

"ఒరే పాలయ్యా, కళ్ళు కూడా రొయ్యలకే ఇచ్చొచ్చావా? నీ గూడు అదిగో, అటుపక్కది!"

"మరి ఇదెవరిది అవ్వా?"

"మీ పక్కింటి నీలయ్యది. పొద్దున వాణ్ణి సీలు జంతువు ఎత్తుకుపోయింది పాపం."

పాలయ్య గబగబా తన గూటికి వెళ్ళాడు. అప్పుడే గుడ్లు తినే నక్షత్రచేప నీలయ్య గూటి అంచెక్కింది. పాలయ్య వెనక్కొచ్చి తరిమాడు. ఆ తర్వాత అది మెల్లిగా పాలయ్య గూటికే పాకింది. అక్కడా తరిమాడు.

"ఎన్నిసార్లు తిరుగుతావురా? నీది నువ్వు చూసుకో," అంది ముళ్ళవ్వ.

పాలయ్య కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత రెండు గూళ్ళ మధ్య గట్టు మీద చతికిలబడ్డాడు. కుడిరెక్క ఇటు, ఎడమరెక్క అటు.

"నాకు రెక్కలు రెండున్నాయిగా అవ్వా!"

మూడోసారి వచ్చిన నక్షత్రచేప ఆ విసురుకి వెల్లకిలా దొర్లిపోయింది.

అలా విసిరాడు, విసిరాడు. చివరికి గుడ్లన్నీ పగిలి పిల్లలు బయటికొచ్చాయి. రెండు గూళ్ళ పిల్లలూ ఒకే గుంపుగా కలిసిపోయి పాలయ్య చుట్టూ తిరిగాయి.

"ఇందులో నీవేవిరా?" అంది ముళ్ళవ్వ.

పాలయ్య అటూ ఇటూ చూశాడు. ఒక్కదాన్నీ గుర్తుపట్టలేకపోయాడు.

"కదిలేవన్నీ నావే అవ్వా!"

చేపపిల్లలు మంచు కిందికి,
కథేమో కంచికి,
నువ్వూ నేనూ దుప్పటి కిందికి!