కొలిమి దగ్గర బేరం

తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన జపాను నావికుడికి, ఎండుచేపలమ్మే గున్నమ్మ గంజి పోసి ప్రాణం నిలిపింది. వెళ్తూ వెళ్తూ అతను తన తాతల నాటి కత్తిని ఆమె చేతిలో పెట్టాడు.

కొన్నాళ్లకు తన పడవ పగిలిపోతే, గున్నమ్మ ఆ కత్తిని అమ్ముదామని కోట ఆయుధాల అధికారి భుజంగరాయుడికి చూపించింది.

"ఉత్త తుప్పుముక్క! పోనీలే, బస్తా నూకలిస్తా, పెట్టిపో," అన్నాడాయన.

అన్నాడేగానీ, చేతి చెమట తగలకుండా దాన్ని పట్టు ఉత్తరీయంతో పట్టుకున్నాడు. అది గున్నమ్మ కంటబడింది. "ఆలోచించుకుని కబురంపుతాను దొరా," అని కత్తి తీసుకుని వచ్చేసింది.

సంతరోజున ఆయన్ని కమ్మరి కొలిమి దగ్గరికి రమ్మంది. ఓడ వర్తకులు లంగర్లు బాగుచేయించుకునేది అక్కడే.

"తుప్పుముక్కే కదా దొరా, కొడవళ్లు చేయించేస్తున్నా," అంది. కమ్మరి కత్తిని నిప్పుల మీదికి చాచాడు.

"ఆగరా! రాజుల ఖజానాలో ఉండాల్సిన కత్తిరా అది!" అని కేకపెట్టాడు భుజంగరాయుడు.

ఇంకేముంది, వర్తకులు పోటీపడి వేలం పాడారు. గున్నమ్మకి కొత్త పడవొచ్చింది.

ఆమె సముద్రం వైపు తిరిగి నావికుడికి దణ్ణం పెట్టుకుంది. ఆనక బస్తా నూకలతో భుజంగరాయుడి గుమ్మం ఎక్కింది.

"నేను చెబితే ఎవరు నమ్మేవారు దొరా? మీరు నోరు విప్పబట్టే అమ్ముడుపోయింది. మీ మేలు మరువను, ఈ నూకలు ఉంచండి."