ఎప్పటిలాగే పెట్టేశాం మేడమ్!

విశాఖపట్నంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ఉంది. ఆ కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసే విభాగం ఒకటుంది. అందులో పనిచేసేది ముగ్గురు. ఆ ముగ్గురికీ తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఇక్కడ రొయ్యల తలలు తీసేసి ఎగుమతి చేస్తారు గానీ, తలకాయలో ఉండాల్సిన సరుకంతా తమ దగ్గరే భద్రంగా ఉందని అనుకునేవాళ్ళు.

పెద్దవాడు పైడిరాజు. తొమ్మిదేళ్ళుగా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్నాడు. రెండో మనిషి నూకరత్నం. ఫోనెత్తిందంటే అవతలివాళ్ళు ఎంప్లాయీ నంబరు చెప్పేదాకా వదలదు. ఒకసారి వాళ్ళత్తగారు ఫోన్ చేసి కుక్కరు పేలిందని గోలపెడితే ఆవిడనీ నంబరడిగింది. మూడోవాడు ఎర్రునాయుడు. ఏది పాడైనా ఆపి మళ్ళీ ఆన్ చేస్తాడు. ఇంట్లో పిల్ల ఏడిస్తే నిద్రపుచ్చి, వెంటనే లేపి, ఇప్పుడు బాగుందేమో చూస్తాడు.

వాళ్ళ పని పద్ధతి కూడా చెప్పాలి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే దానికో నంబరిచ్చి రాసుకుంటారు. దాన్ని టికెట్ అంటారు. టికెట్ లేనిదే కుర్చీలోంచి లేవరు. టికెట్ వస్తే మాత్రం ఆగరు. పాడైనదాన్ని, పాడవకముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే పెట్టేసి, నాలుగు గంటల్లో టికెట్ మూసేస్తారు. తొమ్మిదేళ్ళలో ఒక్క టికెట్ కూడా ఐదో గంట చూడలేదు. ఈ మాట వాళ్ళే చెప్తారు, అడగకపోయినా చెప్తారు.

అయితే పైడిరాజుకి ఒక దిగులుంది. వాళ్ళమ్మాయి గీతిక రెండో తరగతి. మీ నాన్నగారు ఏం చేస్తారని బళ్ళో టీచరు అడిగితే, "ఫోనులో సారీ చెప్తారు" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ఇంటికొచ్చి చెప్తే పైడిరాజుకి అన్నం సయించలేదు. ఎలాగైనా ఈ ఫోన్ల దగ్గర్నించి లేవాలి, ప్రాజెక్ట్ మేనేజరు కావాలి, పేరు అచ్చేసిన కార్డొకటి కూతురి చేతిలో పెట్టాలి. అంతే, ఆ రోజునుంచి అదే ధ్యాస.

వెళ్ళి జనరల్ మేనేజరు వాగ్దేవి మేడమ్‌ని అడిగాడు. మిగతా ఇద్దరూ వెనకే నిలబడ్డారు. ఆవిడ మంచి మనిషి. అదే ఆవిడ చేసిన పొరపాటు.

"సరే పైడిరాజు గారూ. మన ఆఫీసు పాత బిల్డింగులోంచి ఎదురుగా కట్టిన కొత్త బిల్డింగులోకి మారాలి. ఈ షిఫ్టింగ్ ప్రాజెక్టు మీ ముగ్గురికీ ఇస్తున్నాను. సోమవారం పదింటికి ఛైర్మన్ గారొచ్చి రిబ్బను కత్తిరిస్తారు. అప్పటికి ఆఫీసు అక్కడుంటే, మీకు ప్రాజెక్ట్ మేనేజర్ కార్డులు ఆయన చేతిమీదుగా ఇప్పిస్తాను. లేకపోతే మళ్ళీ ఫోన్ల దగ్గరికే."

"ఉంటుంది మేడమ్," అన్నాడు పైడిరాజు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇన్నాళ్ళూ మీది ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే పని. ప్రాజెక్టంటే లేనిదాన్ని తెచ్చే పని."

ముగ్గురూ ఆ మాట పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసి, పుస్తకం మూసేశారు.

మూడు రోజులు గడిచాయి. మేడమ్ వచ్చి చూస్తే ఒక్క స్టూలు కూడా కదల్లేదు. ముగ్గురూ ఫోను వంక చూస్తూ కూర్చున్నారు.

"ఏమైంది? ఎందుకు మొదలుపెట్టలేదు?"

"టికెట్ రాలేదు మేడమ్," అన్నాడు పైడిరాజు. "కొత్త బిల్డింగులో కుర్చీలు లేవని అక్కడివాళ్ళెవరైనా ఫిర్యాదు చెయ్యాలి కదా. ఇంతవరకూ ఒక్కరూ చెయ్యలేదు. చాలా ఓర్పుగలవాళ్ళు."

"అక్కడ మనుషులే లేరండీ!"

"అదే మేమూ అనుకున్నాం మేడమ్. అందుకే ఇంత ప్రశాంతంగా ఉంది."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అయితే మీలో ఒకరు వెళ్ళి ఫిర్యాదు చెయ్యండి," అంది. ఇంకేముంది! ఎర్రునాయుడు పరుగెత్తుకుంటూ రోడ్డు దాటి కొత్త బిల్డింగెక్కి, అక్కణ్ణించి ఫోన్ చేశాడు.

"ఏమండీ, ఇక్కడ కుర్చీలు లేవండీ, బల్లలు లేవండీ, అసలేమీ లేదండీ."

"మీ ఎంప్లాయీ నంబరు చెప్పండి," అంది నూకరత్నం.

"నంబరేటి, నేను నాయుణ్ణే. పొద్దున్న నీ టిఫిన్‌లో గారె తిన్నాను కదేటి."

"గారె తిన్నవాళ్ళందరికీ టికెట్ ఇవ్వలేమండీ. నంబరు చెప్పండి."

"నా నంబరు నాకెక్కడ గుర్తుంటాది? నీ బల్ల మీదే నా కార్డుంది, చూసి చెప్పు."

"వేరేవాళ్ళ నంబరు బయటికి చెప్పకూడదండీ."

అంతే, ఎర్రునాయుడు మళ్ళీ రోడ్డు దాటి వచ్చి, రత్నం బల్ల మీదున్న కార్డు చూసుకుని, మళ్ళీ రోడ్డు దాటి వెళ్ళి ఫోన్ చేశాడు. టికెట్ పుట్టింది. టికెట్ పుట్టాక వాళ్ళని పట్టుకునేవాళ్ళెవరు?

కూలీలు వచ్చారు. మీటింగు గది బల్ల మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంది. కూలీల మేస్త్రి, "కొంచెం పక్కకి వాల్చితే వచ్చేస్తది బాబూ," అన్నాడు. ఎర్రునాయుడు చెయ్యడ్డం పెట్టాడు. "ముందు ఆపి మళ్ళీ మొదలెట్టాలి. బల్లని కిందకి దించండి, ఎక్కడ తీశారో అక్కడ పెట్టండి, మళ్ళీ ఎత్తండి." దించారు, పెట్టారు, ఎత్తారు, అదే మలుపులో ఇరుక్కుంది. అలా పదకొండుసార్లు. పన్నెండోసారి ఎర్రునాయుడు టీకి వెళ్ళాడు. మేస్త్రి బల్లని పక్కకి వాల్చాడు, వచ్చేసింది.

"చూశారా," అన్నాడు ఎర్రునాయుడు తిరిగొచ్చి, "పద్ధతి తెలిసి ఉండాలి."

ఏమైతేనేం, శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసంతా కొత్త బిల్డింగులో ఉంది. మేడమ్ స్వయంగా చూసుకుని, మెచ్చుకుని, ఛైర్మన్ గారిని పిలవడానికి రాజమండ్రి వెళ్ళింది. పైడిరాజు ఇంటికెళ్ళి కూతురితో, "సోమవారం నువ్వూ రా అమ్మా, నాన్నకి కార్డిస్తారు," అన్నాడు. గీతిక ఏ గౌను వేసుకోవాలో అప్పుడే తీసి పెట్టుకుంది.

శనివారం పొద్దున్న ఉద్యోగులు అరవైమందీ కొత్త బిల్డింగుకొచ్చారు. పది నిమిషాలకి ఫోను మోగింది. డిస్పాచ్ సెక్షన్ పాపాయమ్మ గారు.

"నాయనా, నా కుర్చీ ఎప్పుడూ కిటికీ పక్కనుండేది. సముద్రం కనబడేది. ఇప్పుడు గోడ కనబడుతోంది."

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి ఆలోచించారు.

"పెద్ద టికెట్టే," అంది నూకరత్నం. "కిటికీ తెద్దామా?"

"కిటికీ తెస్తే సముద్రం రాదు కదా," అన్నాడు ఎర్రునాయుడు.

"కుర్చీ ఇంతకుముందు ఎక్కడ పనిచేసేది? పాత బిల్డింగులో," అన్నాడు పైడిరాజు. "అక్కడికే పంపేద్దాం. సముద్రం అక్కడ సిద్ధంగా ఉంది."

భలే, భలే అనుకుని పాపాయమ్మ గారి కుర్చీని రోడ్డు దాటించారు. ఆవిడా కుర్చీ వెనకే వెళ్ళింది. పన్నెండు నిమిషాల్లో టికెట్ మూసేశారు. అది చూసి పక్కాయన, నా బీరువా తలుపు ఎడమ పక్కకి తెరుచుకునేది అన్నాడు. బీరువా వెళ్ళింది. ఇంకొకరు నా ఫ్యాను గాలి నెత్తి మీద పడేది అన్నారు. ఫ్యానొదిలి మనిషినే పాత ఫ్యాను కిందకి పంపారు. ఇంకేముంది, సాయంత్రానికి అరవై ఫోన్లు, అరవై టికెట్లు. ఆఖర్న మీటింగు గది బల్ల కూడా దిగింది, మలుపు దగ్గర మేస్త్రి వాళ్ళని టీకి పంపేశాడు కాబట్టి మొదటిసారికే దిగింది. ముగ్గురూ బెల్లం జీళ్ళు తెచ్చుకుని తిన్నారు.

ఆదివారం పొద్దున్న వాగ్దేవి మేడమ్ కొత్త బిల్డింగులో అడుగుపెట్టి, "పైడిరాజు గారూ!" అంది. నాలుగు గదులూ తిరిగి ఆవిడ గొంతు ఆవిడకే వచ్చింది.

పైడిరాజు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అరవైకి అరవై మూసేశాం మేడమ్. అంతా ఎప్పటిలాగే పెట్టేశాం."

మేడమ్ అక్కడే కూర్చోబోయింది. కుర్చీ లేదు. "రేపు పదింటికి ఛైర్మన్ గారొస్తారండీ! మొత్తం మళ్ళీ ఇక్కడికి తెండి!"

"తప్పకుండా మేడమ్. టికెట్ ఉందా?"

ఆవిడ అరిచింది. ప్రాజెక్టంటే ఏమిటో వేళ్ళు మడిచి చెప్పింది. "ప్రతిదానికీ టికెట్ కోసం చూడకూడదండీ. మేనేజరన్నవాడు కళ్ళతో చూసి, తనే ముందుకొచ్చి చెయ్యాలి!" అంది. పైడిరాజు అదీ పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకుని, "టికెట్ ఉందా మేడమ్?" అన్నాడు.

ఆవిడ అతని వంక చూస్తూనే సంచిలోంచి ఫోను తీసి, పాత బిల్డింగులో ఉన్న నూకరత్నానికి చేసింది. ముందుగా తన ఎంప్లాయీ నంబరు చెప్పింది.

"సమస్య ఏమిటండీ?" అంది నూకరత్నం.

"మా ఆఫీసు కనబడటం లేదు."

"ఆఖరిసారి ఎప్పుడు పనిచేసిందండీ?"

"శుక్రవారం సాయంత్రం ఆరింటికి. కొత్త బిల్డింగులో. కళ్ళారా చూశాను."

"ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూశారా?"

మేడమ్ పళ్ళు నూరుకుంది. "చూశాను."

"అయ్యో! నాలుగు గంటల్లో ఎప్పటిలాగే పెట్టేస్తామండీ."

అంతే! పైడిరాజు మెట్లు దూకుతూ వెళ్ళాడు. కూలీలు వచ్చారు, బీరువాలు వచ్చాయి, పాపాయమ్మ గారి కుర్చీ వచ్చింది. మూడు గంటల నలభై నిమిషాలకి ఆఫీసంతా కొత్త బిల్డింగులో పెన్నుల స్టాండుతో సహా కూర్చుంది. అప్పుడు మేడమ్ చేసిన తెలివైన పని ఇంకొకటుంది. ఆ ముగ్గురి బల్ల మీదున్న ఫిర్యాదుల ఫోను తీగె పీకి సంచిలో వేసుకుంది.

సోమవారం పదింటికి అందరూ కొత్త బిల్డింగు గుమ్మం ముందు నిలబడ్డారు. పైడిరాజు భార్య, గౌను వేసుకున్న గీతిక ముందు వరసలో ఉన్నారు. గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. మేడమ్ ఆ ముగ్గురితో, "మీరు ఇక్కడే నిలబడి, ఏ లోటూ రాకుండా చూసుకోండి చాలు," అంది. ఛైర్మన్ గారు కత్తెర అందుకుని, రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పైడిరాజు గుండె జారిపోయింది. "తెగిపోయింది!"

"టికెట్..." అంది నూకరత్నం.

"టికెట్టేటి? మేడమ్ ఏం చెప్పారు? మేనేజరన్నవాడు కళ్ళతో చూసి తనే చెయ్యాలి!" అన్నాడు పైడిరాజు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి టికెట్ లేకుండా కదిలాడు. ఛైర్మన్ గారు అడుగు లోపల పెట్టేలోగా ముగ్గురూ కలిసి రిబ్బను ముడేసేశారు.

ఛైర్మన్ గారు ఇక్కడిదేదో ఆచారం కాబోలనుకుని మళ్ళీ కత్తిరించారు. మళ్ళీ ముడేశారు. మళ్ళీ కత్తిరించారు. మళ్ళీ ముడేశారు. మేడమ్ "వద్దండీ!" అంటోంది గానీ చప్పట్లలో వినబడలేదు, ఎందుకంటే జనానికి ఇది బాగా నచ్చేసింది. ఆరో ముడికి ఛైర్మన్ గారికి చెమటలు పట్టాయి.

"ఎవరయ్యా నువ్వు?"

"మీకు కలిగిన అసౌకర్యానికి సారీ సార్," అన్నాడు పైడిరాజు, అలవాటు చొప్పున.

"అదిగో, మా నాన్న!" అని గీతిక పక్కవాళ్ళకి చూపించింది. "ఎంత బాగా చెప్పారో చూశారా?"

మేడమ్ ఇంక లాభం లేదని ఛైర్మన్ గారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన కత్తెర పెట్టి ఏడోసారి రిబ్బను తెంపి, జేబులోంచి కార్డు తీసి పైడిరాజు చేతిలో పెట్టారు. "ఇదిగో నాయనా నీ కార్డు. కూతురికి చూపించుకో. మమ్మల్ని లోపలికి పోనియ్యి."

తెల్లటి కార్డు. నల్లటి అక్షరాలు. పైడిరాజు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. అవే కళ్ళతో గుమ్మం వైపు చూశాడు. ముడులు పడీ పడీ రిబ్బను పొట్టిదైపోయింది. రెండు కొసలూ లాగి పట్టినా మధ్యలో వేలెడు తక్కువొస్తోంది. ఇటు చూస్తే కార్డు సరిగ్గా వేలెడుంది.

ఇంకేముంది! ఎర్రునాయుడి స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, కార్డుకి అటో చిల్లు ఇటో చిల్లు పొడిచి, రెండు కొసలూ దానికి కట్టేశాడు.

ఛైర్మన్ గారు, అరవైమంది ఉద్యోగులు, అందరూ బయటే. గుమ్మం మధ్యలో కార్డు గాలికి ఊగుతోంది. గీతిక దగ్గరికెళ్ళి మెడ పైకెత్తి, గొంతెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"పై-డి-రా-జు. ప్రా-జె-క్ట్ మే-నే-జ-ర్."

పైడిరాజు మేడమ్ వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"ఎప్పటిలాగే పెట్టేశాం మేడమ్!"