గోడ దాటడం ఎవరి తరం?

నెమలిగిరి రాజు రాయగండ మహారాజుకు రెండే పిచ్చులు. ఒకటి రాణి కువలయాదేవి, రెండోది ఫోనులో పొట్టేళ్ళ పందేలు. ఒకనాడు రెండూ ఎదురుపడ్డాయి.

"నేను లావయ్యానా?" అంది రాణి.

"ఊఁ," అన్నాడు రాజు, ఫోనులోంచి తలెత్తకుండా.

అంతే! రాణి అలకగదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఆ కోట ఆచారం ప్రకారం అలకగది గడప మగవాడు తొక్కరాదు, రాయబారి పోరాదు, గుమ్మంలో కేకలు వెయ్యరాదు. బతిమాలుకోవాలంటే ఫోనులోనే, అదీ సొంత నోటితోనే.

"దేవీ, నువ్వు పక్కన లేకపోతే ప్రాణం హాయిగా ఉండదు!" అని రాజు బతిమాలాడు.

గోడలేమో ఏనుగుపొట్టంత మందం. కోటలో ఉన్న ఐదో తరం వైఫై పెట్టె "హాయిగా ఉం..." దగ్గర గుటుక్కుమంది. మిగతాది రాణే పూరించుకుంది.

"హాయిగా ఉందా? అయితే పల్లకీ కట్టండి. పొద్దుగూకేలోగా పుట్టింటికి పోతున్నా."

సభలో రాజు గోలపెట్టాడు. మాట గోడ దాటించినవాళ్ళకు గండపెండేరం అన్నాడు.

సభను నవ్వించే కొలువు నాంచారిది. రాణి వెళ్ళిపోతే కోటలో నవ్వే దిక్కుండదు. నవ్వే లేనిచోట నవ్వించే ఉద్యోగం ఎందుకుంటుంది?

యంత్రాచార్యుడు వీరభోగయ్య మాత్రం ఎనిమిది కొమ్ముల వైఫై పెట్టె ఒకటి పట్టించుకొచ్చాడు.

"ప్రభూ! నాలుగో తరం ఎద్దుబండి. ఐదో తరం గుర్రం. ఆరో తరం విస్తరి విస్తరికీ ఆగదు, ఫోనుల పంక్తి మొత్తానికి ఒక్కసారే వడ్డిస్తుంది. ఇది ఏడో తరం! దీనికి మూడు దారులు. నిదానం దారులు చూస్తే నాకు నామోషీ, రెండూ మూసేసి వాయువేగం దారి ఒక్కటే తెరిచాను. ఏమమ్మా నాంచారీ, నోరు పడిపోయిందా?"

"దాచుకుంటున్నానండీ ఆచార్యులవారూ. మాట గోడ దాటించడంలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ వడియాలకు కాపలా కాయాలి, సరేనా?"

"ఓస్, సరే!"

కొత్త పెట్టె తగిలించగానే, రెప్పపాటులో పొట్టేళ్ళ పందెం సభలో అందరి ఫోనుల్లోనూ కనబడింది. రాజు పొంగిపోయి రాణికి ఫోను చేశాడు. ఈసారి "దేవీ" కూడా గోడ దాటలేదు. బయట బోయీలు పల్లకీకి దండె తొడుగుతున్నారు.

"అయ్యో! ఈ గోడ దాటడం ఇంకెవరి తరం?" అన్నాడు రాజు.

నాంచారి చటుక్కున లేచింది.

"నాలుగో తరం, ప్రభూ!"

సభ గొల్లుమంది. ఆమె మేడెక్కి, వడియాల గుడ్డ ఎగరకుండా బరువుకు పెట్టిన పాత నాలుగో తరం పెట్టె దులుపుకుంటూ దిగింది.

"వేగం దారి గాజుబొమ్మ, గోడ తగిలితే అక్కడే భళ్ళున పగులుతుంది. ఈ ముసలిదానికి నిదానం దారి కూడా ఉంది. అది చెమ్మలాగా గోడలోంచి దిగుతుంది. ఇంతకీ అవతలికి మొయ్యాల్సింది ఎంత? ఒక్క 'ఉండదు'!"

పెట్టె తగిలించింది. రాజు మళ్ళీ ఫోనులో బతిమాలాడు. అవతలి నుంచి రాణి గొంతు సన్నగా వినబడింది.

"ఉండదా?"

"ఉండదు! ఉండదు! ఉండనే ఉండదు!"

"సరే. మరి, నేను లావయ్యానా?"

రాజు నోరు తెరిచాడు. నాంచారి టక్కున పెట్టె వైరు పీకేసింది.

"ఎంత పని చేశావే!" అన్నాడు రాజు.

"ఈ జవాబు గోడ దాటితే ఏ తరానికీ క్షేమం కాదు ప్రభూ!"

అంతలో అలకగది గడియ ధడేలుమంది. జవాబు వినకుండా ఉండలేక రాణి తనే గడప దాటి వచ్చేసింది. రాజు ఫోను పారేసి, కళ్ళారా చూసి, "నెమలి!" అన్నాడు. రాణి కిసుక్కున నవ్వింది. సభ కుర్చీల మీంచి దొర్లింది.

గండపెండేరం నాంచారి కాలికెక్కింది. ఎనిమిది కొమ్ముల పెట్టె మేడమీద వడియాల గుడ్డ మీదికెక్కింది. దాని పక్కన వీరభోగయ్య కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"ఆచార్యులవారూ, కాకుల్ని తోలగలరా?" అని కింద నుంచి కేకేసింది నాంచారి.

"నా తరం కావడం లేదే తల్లీ!"