ఏడాదికొక తాడు

ముద్దయ్యస్వామిని ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. తుంగభద్ర ఒడ్డున ఆయన మఠంలో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే చాలామంది అడగడం మానేశారు. మద్దిలేటి మాత్రం మానలేదు. మఠానికి వచ్చిన ఆరేళ్లుగా అతనిది ఒకటే ప్రశ్న.

"సామీ, నాయనకిచ్చిన మాట పెద్దదా, ఒక మనిషి ప్రాణం పెద్దదా?"

ఆ మాట ఏమిటో చెప్పాలి. పద్నాలుగేళ్ల కిందట ఎర్రగుడిపాడులో కాలువ నీళ్ల తగాదా వచ్చింది. కంబగిరి అనే రైతు పార తిప్పి కొడితే మద్దిలేటి తండ్రి గట్టు మీదే ప్రాణం వదిలాడు. సాక్ష్యం చెప్పడానికి ఒక్క మగాడూ రాలేదు. కంబగిరి తల తెగేదాకా నాయన ఎముకలు గంగలో కలపనని చితి ముందు మద్దిలేటి ఒట్టు పెట్టాడు. ఎముకల కుండను చెట్టుకు కట్టి, కొడవలి నూరుకున్నాడు.

ఒట్టు పెట్టినంత సులువా తీర్చడం? మద్దిలేటికి ఆలోచన జాస్తి. మొదటిసారి వెళ్తే కంబగిరి అన్నం తింటున్నాడు. కంచం ముందున్నవాణ్ణి నరకడం పాపమని తిరిగొచ్చాడు. రెండోసారి వాడి చంకలో ఏడాది పిల్లవాడు ఉన్నాడు. మూడోసారి అడ్డమేమీ లేదు. అయినా, అసలు తప్పు కొట్టినవాడిదా, కొడుతుంటే చూస్తూ నిలబడ్డ ఊరిదా అని గట్టు మీద కూర్చుని పొద్దుగూకేదాకా తర్కించుకున్నాడు. చంపనూ లేదు, వదలనూ లేదు. పెళ్లీ పెటాకులూ లేవు. చేనంతా తుమ్మ మొలిచింది. చివరికి ఊళ్లో ఉండలేక, కుండను వెంట తెచ్చుకుని మఠం చేరి, వెనకున్న వేపచెట్టు పైకొమ్మకు కట్టాడు. ఏటా తండ్రి పోయిన తిథినాడు పాత తాడు విప్పి కొత్త తాడు వేసేవాడు. అంత పగలోనూ అతను తప్పకుండా చేసిన పని అదొక్కటే.

ఊరినుంచి ఎవరొచ్చినా తల్లి కబురు పంపేది. "నాకు పగా వద్దు, పాడూ వద్దు. నేను కళ్లు మూసేలోగా వాళ్ల నాయనను గంగలో కలపమనండి." ఆ కబురు విన్న ప్రతిసారీ మద్దిలేటి స్వామి దగ్గరికి పోయి పాత ప్రశ్నే అడిగేవాడు.

ఈసారీ అడిగాడు. స్వామి ఆవులించి, "రేవులోకి పో. ఎవరన్నా ఎముకలు తెస్తే, వాళ్లు మునిగొచ్చేదాకా కుండ పట్టుకో" అన్నాడు.

ఎండ ఎక్కుతుండగా ఒక పిల్లవాడు వచ్చాడు. పదిహేనేళ్లుంటాయి. గుండు, తడిసిన కళ్లు, చేతిలో కొత్త కుండ.

"అన్నా, కాస్త పట్టుకుంటావా? కింద పెట్టకూడదంట. మావాళ్లు ఎవరూ రాలేదు."

మద్దిలేటి పట్టుకున్నాడు. "ఏ ఊరు నాయనా?"

"ఎర్రగుడిపాడు. కంబగిరి కొడుకును. నాయనకు జొరమొచ్చిందన్నా. పండుకున్నోడు మళ్లీ లేయలేదు. ఈపొద్దుకు పదో దినం."

పిల్లవాడు నీళ్లలోకి దిగాడు. పద్నాలుగేళ్లుగా కోరిన తల మద్దిలేటి చేతుల్లోనే ఉంది, పిడికెడు బూడిదై. దీన్ని బండకేసి కొడితే? కుక్కలు తొక్కే చోట చల్లితే? అది పగ కిందికి వస్తుందా? నాయనకు చాలుతుందా? చంకలో ఉన్న ఆనాటి పసివాడు వీడే కదా, వీడేం చేశాడు? ఎప్పటిలాగే ఆలోచన తెగలేదు. ఈలోపు వాడు మూడు మునకలేసి వచ్చి చేతులు చాపాడు. మద్దిలేటి ఇచ్చేశాడు. వాడు నడుములోతుకు వెళ్లి కుండ వంచాడు. బూడిద కాసేపు తెల్లగా తేలి, నీళ్లలో కలిసిపోయింది.

"ఇంతేనా అన్నా? అయిపోయినట్టేనా?"

"అయిపోయింది నాయనా."

మద్దిలేటి మఠానికి తిరిగి వచ్చేసరికి స్వామి అరుగు మీద కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతున్నాడు. శిష్యుడు ఆయన ముందు కూలబడి బావురుమన్నాడు.

"చంపినోడు పదో దినానికే గంగలో కలిసినాడు సామీ. చచ్చినోడు పద్నాలుగేండ్లుగా చెట్టుకు వేలాడుతున్నాడు. వేలాడదీసింది నేనే. నాయన మీద ప్రేమ అనుకున్నాను." కాసేపటికి ముక్కు తుడుచుకుని, అలవాటు చావక మళ్లీ అడిగాడు. "ఒట్టు తీరకుండానే కలిపితే దోషముందా? లేక మనిషే పోయినాడు గనక ఒట్టు తీరినట్టేనా? ఏది ధర్మం సామీ?"

స్వామి చేటలోంచి తలెత్తి వేపచెట్టు వైపు చూశాడు. బాగా అలసిపోయినవాడిలా ఉన్నాడు.

"ఆ కొమ్మ నాకందదు నాయనా. అందుంటే నేనే ఎప్పుడో దించేవాణ్ణి."