ఖర్చులేని కారు

విమలబోధ స్వామివారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే సమాధానం చెప్పేవారు కారు. లేచి చెప్పులు వేసుకునేవారు. "పద నాయనా, చూసొద్దాం" అనేవారు. మా గుంటూరు ఆశ్రమంలో మేము నేర్చుకున్నదంతా అలా ఆయన వెంట వెళ్ళి చూసొచ్చిందే. అందులో ఒకటి ఈ పూట మీకు చెప్పే భాగ్యం భగవంతుడు నాకిచ్చాడు. వెనకున్న అమ్మలు కాస్త ముందుకు జరగండి, బాగా వినపడుతుంది.

ఆశ్రమానికి కారు కొనాలని కమిటీ తీర్మానించిన రోజులవి. పెట్రోలుదా, ఎలక్ట్రిక్‌దా అన్నచోట సభ రెండుగా చీలింది. అప్పుడు శేషఫణి లేచి నిలబడ్డాడు. మందుల హోల్‌సేల్ వ్యాపారి, స్వామివారికి ప్రియశిష్యుడు. మా అందరిలో ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నవాడు ఆయనొక్కడే.

"స్వామీ, దీనికింత చర్చ దేనికి? పెట్రోలు కారు రోడ్డెక్కితే జేబు తడుముకోవాలి. నా బండికి ఖర్చన్న మాటే లేదు. ఏది చవకో మీరే సెలవివ్వండి."

"ఖర్చే లేదా?"

"గాలి కొట్టించడం తప్ప ఇంకేం లేదు స్వామీ!"

"అలాంటిదాన్ని తప్పకుండా చూడాలి. ఆదివారం వస్తాను."

ఫణి ఉండే అపార్టుమెంటులో కార్లు నిలిపేచోట ప్లగ్గు లేదు. పెట్టించుకుంటానంటే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని ప్రతి ఆదివారం పొన్నూరులోని అత్తగారింటికి వెళ్ళి, పొద్దున్నే ప్లగ్గు పెట్టి, భోంచేసి, ఓ కునుకు తీసి, సాయంత్రానికి నిండు బండితో తిరిగొచ్చేవాడు. ఆ ఆదివారం స్వామివారినీ, ఆయన వెంట మా శిష్యులిద్దరినీ కూడా ఎక్కించుకుని వెళ్ళాడు.

అత్తగారు మాణిక్యాంబ. భర్త పోయాక ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బి అమ్ముతూ పిల్లల్ని పెంచుకొచ్చిన తల్లి. సోమవారం పొద్దున ఆ వీధిలో సగం ఇళ్ళ టిఫిను ఆవిడ పిండే. ఆ ఇల్లు నడిచేదీ దానిమీదే. పెద్దల్లుడు చక్రపాణి కూడా ఆరోజు పెట్రోలు కారులో వచ్చి ఉన్నాడు. ఫణి ప్లగ్గు పెట్టడం చూసి వరండాలోంచే కేకేశాడు.

"ఏమోయ్ తోడల్లుడూ, బండికి పాలపీక పెట్టావా?"

"పెట్టాను. మీదానిలా బంకు కనబడ్డ చోటల్లా ఆగి ఏడవదు లెండి."

ఇంతలో పెరటివైపు నుంచి రాయి తిరుగుతున్న గరగర వినిపించింది. ఫణి మొహం వెలిగింది. "విన్నారా స్వామీ? నేనొచ్చిన రోజున అత్తయ్యగారు గ్రైండరు ముట్టుకోరు. నాకోసం రోట్లోనే రుబ్బుతారు. ఆ పిండి రుచే వేరు!"

స్వామివారు పెరట్లోకి నడిచారు. శిష్యులిద్దరం ఆయన వెనకే వెళ్ళాం. మాణిక్యాంబ పీటమీద కూర్చుని ఎడమచేత్తో పొత్రం తిప్పుతోంది. కుడిభుజానికి గుడ్డ చుట్టి ఉంది, దగ్గరికెళ్తే మందు వాసన. నానబెట్టిన పప్పూ బియ్యం ఇంకా రెండు పెద్ద బేసిన్ల నిండా ఉన్నాయి. పక్కనే వసారాలో గ్రైండరు.

"గ్రైండరు పాడైందా అమ్మా?"

"లేదు స్వామీ, బాగానే..." అని నాలుక కరుచుకుంది. "అదే, కరెంటు లేదు."

వసారాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

స్వామివారు చెయ్యిచాచి గ్రైండరు స్విచ్చి వేశారు. "వద్దు స్వామీ!" అంటూ ఆవిడ లేచేలోపే గ్రైండరు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఫ్యానూ ఆగింది. వీధివైపు నుంచి ఫణి కేక వినపడింది: "అయ్యో, నా ఛార్జింగు!"

పాత ఇల్లు, పాత వైరింగు. కారు, గ్రైండరు ఒకేసారి నడిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. "బాబూ, కాస్త ప్లగ్గు తీయండి" అని అల్లుడితో ఏ అత్తగారు చెప్పగలదు? మీలో ఎవరైనా చెప్పారా తల్లీ? చూడండి, నవ్వుతున్నారే గానీ ఒక్క చెయ్యీ లేవదు! కూతురికి తెలిసినా, అల్లుడిగారితో అనవద్దని ఒట్టు వేయించుకుందట. రోట్లో రుబ్బింది ఎంతకని సరిపోతుంది? సోమవారాలు పిండి చాలక, అప్పటికే రెండు టిఫిను సెంటర్లవాళ్ళు వేరేచోట కొనుక్కోవడం మొదలుపెట్టారు.

పరుగున వచ్చిన ఫణి ఆ భుజాన్నీ, బేసిన్లనూ, గ్రైండరునూ చూశాడు.

"అత్తయ్యగారూ, నాతో ఒక్కమాట చెప్పకూడదా?"

"ఎలా చెప్పను బాబూ? మీరు వచ్చేదే వారానికొక్క రోజు. ప్లగ్గు వద్దంటే రావడమే మానేస్తారేమోనని..."

చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. "అందుకే స్వామీ, పెట్రోలు బండి మేలనేది. ఒకరి పొయ్యికి అడ్డం రాదు."

సరిగ్గా అప్పుడే బావమరిది కిరీటి తాళాలు ఊపుకుంటూ లోపలికొచ్చాడు. "పెదబావగారూ, బండి కడిగించుకొచ్చాను."

"కడిగించావా, అమ్మ డబ్బులతో ట్యాంకు కూడా నింపించావా నాయనా?" అన్నారు స్వామివారు.

కిరీటి తల దించుకున్నాడు. చక్రపాణి గోడమీది క్యాలెండరు చూడసాగాడు.

ఫణి వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. కేబులు చుట్టి కారులో పడేసి, ఫ్యూజు వేసి, పప్పు బేసిను తనే ఎత్తి గ్రైండరులో పోశాడు. "అయ్యో, మీరెందుకండీ" అని అత్తగారు వారిస్తున్నా వినలేదు.

ఆ తర్వాత అసోసియేషన్ వాళ్ళతో పోట్లాడి, తన పేరిట వేరే మీటరు పెట్టించుకున్నాడు. మొదటి బిల్లు కట్టి, నేరుగా ఆశ్రమానికి వచ్చాడు.

"స్వామీ, కరెంటు బిల్లు, టైర్లు, సర్వీసింగు అన్నీ కలిపి చూశాను. ఖర్చు ఉంది. అయినా పెట్రోలు బండితో పోలిస్తే నాకు బాగా తక్కువే అవుతోంది. ధైర్యంగా చెబుతున్నాను, ఎలక్ట్రిక్‌దే కొందాం."

"ఆదివారాలు పొన్నూరు వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను స్వామీ. ఇంటి దగ్గరే ఛార్జి చేసుకుని వెళ్తున్నాను."

స్వామివారు కమిటీ వైపు తిరిగారు. "కొనండి. ఈసారి ఇతను చెప్పిన లెక్క నమ్మొచ్చు. ఇందులో ఖర్చు ఉంది."